కొలతకు చేయించుకునే టేకు తలుపు: కర్ర ఎంపిక నుంచి బందులు బిగించేదాకా

సింహద్వారం కోసం టేకు కొనేటప్పుడు అందరూ రంగు చూస్తారు, చేవ (దుంగ నడిమి ముదురు చెక్క) చూస్తారు, ధర దగ్గర గట్టిగా బేరం ఆడతారు. కర్ర ఆరిందా, జాయింట్లు ఎలా చెక్కుతారు అని అడిగేవాళ్లు తక్కువ. వానాకాలంలో బిగుసుకుపోయే తలుపులు, ఎండాకాలంలో నిట్టనిలువునా చీలే పలకలు, రెండేళ్లకే కింది అంచు నేలకు రాసుకునే రెక్కలు చూస్తే, వాటి వెనక నాకు ఎప్పుడూ కనిపించేది ఈ రెండు విషయాలే. ఖరీదైన కర్రను కూడా పచ్చిగా వాడితే, మేకులతో జాయింటు వేస్తే తలుపు నిలవదు. ఒక మోస్తరు కర్ర అయినా బాగా ఆరి, జాయింట్లు సరిగ్గా కూర్చుంటే ఒక తరం దాటి పని చేస్తుంది.

ఈ మార్గదర్శిలో 4 అడుగుల వెడల్పు, 7 అడుగుల ఎత్తు ఉన్న ద్వారబంధానికి ఒంటి రెక్క ప్యానెల్ తలుపును ఉదాహరణగా తీసుకున్నాను. మీ కొలతలు వేరైనా పద్ధతి ఇదే. మీరే ఉలి పట్టినా, వడ్రంగి మేస్త్రి పక్కన నిలబడి చేయించుకున్నా పనికొచ్చేలా రాశాను.

చెక్క కదులుతుందని ముందే ఒప్పుకోవాలి

గాలిలో తేమ పెరిగితే చెక్క ఉబ్బుతుంది, తగ్గితే ముడుచుకుంటుంది. పొడవులో ఈ మార్పు లెక్కలోకి రానంత తక్కువ. వెడల్పులో మాత్రం కచ్చితంగా ఉంటుంది. పచ్చి టేకు పూర్తిగా ఎండేసరికి, దుంగలోని వలయాల వెంబడి సుమారు 5 నుంచి 6 శాతం, నడిమి నుంచి బెరడు వైపుకు దాదాపు అందులో సగం ముడుచుకుంటుంది. మిగతా చాలా కలపలతో పోలిస్తే ఇది తక్కువే. టేకుకు అంత పేరు రావడానికి ఇదీ ఒక కారణం. అయినా అడుగున్నర వెడల్పు పలక వానాకాలానికీ ఎండాకాలానికీ మధ్య అంగుళంలో ఎనిమిదో వంతు, అంటే ఒక నూలు దాకా అటూ ఇటూ అవుతుంది. ప్యానెల్ తలుపు అనే పద్ధతి పుట్టిందే ఈ కదలికకు చోటివ్వడానికి. వెడల్పు పలకను గట్టి చట్రంలో వదులుగా నిలబెడతారు. చట్రం కొలత మారదు, పలక లోపల తన పాటికి తాను కదులుతుంది. కింద చెప్పే ప్రతి అడుగులోనూ చేసేది ఈ కదలికకు దారి వదలడమే.

కర్ర కొనడం

మన దగ్గర దొరికే టేకుల్లో మహారాష్ట్రలోని బలార్షా టేకుకు చాలాకాలంగా మంచి పేరుంది. ఆదిలాబాద్ అడవుల టేకు, గోదావరి పరీవాహక టేకు కూడా మంచివే. డిపోల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేది ఆఫ్రికా, దక్షిణ అమెరికా తోటల నుంచి వచ్చే దిగుమతి టేకు. మయన్మార్ 2014 ఏప్రిల్ 1 నుంచి దుంగల ఎగుమతిని నిషేధించింది. కాబట్టి ఎవరైనా 'బర్మా టేకు' అని అమ్మితే కాగితాలు చూపించమనండి. తోటల్లో తొందరగా పెరిగిన టేకులో తెల్లచెక్క, అంటే బెరడు కింద ఉండే లేత చెక్క, ఎక్కువగా ఉంటుంది. చెదలు, పురుగు మొదట పట్టేది ఆ తెల్లచెక్కనే. ఊరి పేరు కంటే ప్రతి పలకలో చేవ ఎంత ఉందో చూసి తీసుకోవడం మేలు.

బడ్జెట్ తక్కువైతే ద్వారబంధానికి మద్ది గానీ వేగిస గానీ వాడి, రెక్కకు మాత్రం టేకు పెట్టుకోవచ్చు. పల్లెల్లో బాగా ముదిరిన వేపతో చేసిన గుమ్మాలు ఇప్పటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కూల్చిన పాత ఇళ్ల దూలాలు, తలుపులు అమ్మే దుకాణాల్లో వెతికినా మంచి సరుకు దొరుకుతుంది. దశాబ్దాలుగా ఆరిన కర్ర కాబట్టి మెలి తిరిగే భయం తక్కువ. లోపల విరిగిన మేకులు ఉంటాయి, కోతకు ముందు అయస్కాంతంతో వెతికించండి.

సొంత పొలంలో టేకు చెట్టు ఉంటే సంతోషమే గానీ, కొట్టడానికి, తరలించడానికి అటవీశాఖ నియమాలు ఉన్నాయి. 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల సంరక్షణ) చట్టం చెట్ల నరికివేతకు కూడా వర్తిస్తుంది. ముందు అనుమతి తీసుకోండి. డిపోలో కొన్నా బిల్లు భద్రంగా ఉంచుకోండి.

పలకను కంటి ఎత్తుకు పట్టుకుని చివరి నుంచి చూడండి. విల్లులా వంగినా, రెండు చివరలు ఒకదానికొకటి మెలితిరిగినా పక్కన పెట్టేయండి. వంపును చిత్రిక పట్టి కొంత సరిచేయొచ్చు. మెలికను సరిచేయబోతే మందం సగం పోతుంది. దుంగ నడిమి గుజ్జు కనిపించే ముక్క వద్దు, అది చీలి తీరుతుంది. చివర గీతలు పలక ముఖానికి నిలువుగా నిలబడినట్టు ఉన్న ముక్కలను నిలువు పట్టెలకు, అంటే రెక్క చట్రంలో నిలువుగా వచ్చే కర్రలకు, కేటాయించండి. అవి అన్నిటికంటే నిటారుగా ఉంటాయి.

లెక్క ఘనపుటడుగుల్లో ఉంటుంది. పొడవు అడుగుల్లో, వెడల్పు, మందం అంగుళాల్లో తీసుకుని మూడింటినీ గుణించి 144తో భాగించాలి. 5×3 అంగుళాల ద్వారబంధానికి కొమ్ములతో (గోడలో కూరుకునే పొడిగింపులతో) కలిపి 24 అడుగుల కర్ర కావాలి. అంటే 24×5×3 భాగించు 144, రెండున్నర ఘనపుటడుగులు. రెక్కకు మూడు ముప్పావు దాకా పడుతుంది. తరుగు కలిపి ఏడు, ఏడున్నర ఘనపుటడుగులు కొంటే సరిపోతుంది. డిపోవాళ్లు రంపపు కోత కొలతకు లెక్క కడతారు. చిత్రిక పట్టాక ప్రతి ముఖాన కొంత పోతుంది కాబట్టి ఒకటిన్నర అంగుళం తలుపుకు రెండు అంగుళాల పలక కొనాలి.

ఆరబెట్టడం

ఈ మెట్టు దగ్గర తొందరపడితే తర్వాత ఎంత మంచి పనితనమూ కాపాడలేదు. తేమ మీటరు ఇప్పుడు తక్కువ ధరకే దొరుకుతుంది, కొనుక్కోండి. కర్నూలు, హైదరాబాద్ లాంటి పొడి ప్రాంతాల్లో 10 నుంచి 12 శాతం, విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో 12 నుంచి 14 శాతం దగ్గర ఉంటే పని మొదలుపెట్టవచ్చు. పైపొర పొడిగా ఉండి లోపల తడి ఉండొచ్చు. అందుకే ఒక చివర నాలుగు అంగుళాలు కోసి, కొత్త ముఖం మీద కొలవండి.

పచ్చి కర్ర గాలికి ఆరాలంటే అంగుళం మందానికి సుమారు ఏడాది అని పాత లెక్క. అంత సమయం లేకపోతే బట్టీలో ఆరబెట్టిన కర్ర కొనడం మంచిది. ఎలా కొన్నా, ఇంట్లో నీడ పట్టున, నేలకు అడుగు ఎత్తులో, పలకకూ పలకకూ మధ్య ఒకే మందం ఉన్న బద్దలు పెట్టి కనీసం మూడు నాలుగు వారాలు ఉంచండి. బద్దలు ఒకదాని మీద ఒకటి నిలువు వరుసలో రావాలి, లేకపోతే ఆ చోటే వంపు వస్తుంది. చివరలకు పెయింటు పూస్తే అక్కడ తొందరగా ఆరి పగలడం తగ్గుతుంది. మీటరు లేనివాళ్లు ఒక పలకను వారానికోసారి తూకం వేయండి. బరువు తగ్గడం ఆగినప్పుడు ఆరినట్టు.

ద్వారబంధం

కోస్తాలో ద్వారబంధం, తెలంగాణలో దర్వాజా, ఎలా పిలిచినా నాలుగు కర్రల చట్రమే. నిలువు కర్రల చివర్లలో కూసం, పై అడ్డకర్రలోనూ గడపలోనూ బెజ్జం. కూసం అంటే కర్ర చివర రెండు వైపులా చెక్కేసి మధ్యలో మిగిల్చిన నాలుక, బెజ్జం అది దిగే గుంట. పాతవాళ్లు పై కర్రను రెండు పక్కలా మూడు నాలుగు అంగుళాలు కొమ్ముల్లా పొడిగించేవారు. అవి గోడలో కూరుకుని చట్రాన్ని పట్టి ఉంచేవి. బెజ్జం పక్కన కర్ర ఎక్కువగా ఉంటుంది కాబట్టి ఆ చోట చీలదు కూడా. కొమ్ములు అనవసరం అని కోసేసే మేస్త్రిని ఆపండి.

రెక్క కూర్చోవడానికి చట్రం లోపలి అంచున మెట్టు తీయాలి. లోతు రెక్క మందమంత, అంటే ఒకటిన్నర అంగుళం, వెడల్పు అర అంగుళం. గడపకు మెట్టు ఇంటి లోపలి వైపు కిందికి ఉండేలా తీస్తే వాన నీళ్లు లోపలికి రావు.

గడపకు మన ఇళ్లలో ప్రత్యేకమైన కష్టం ఒకటి ఉంది. శుక్రవారం శుక్రవారం కడిగి పసుపు రాస్తాం, పండగలకు ఇంకా ఎక్కువ. అంత తడి తగిలే కర్రకు తెల్లచెక్క ఒక్క పట్టీ కూడా ఉండకూడదు. అడుగు ముఖానికి చెదలమందు రెండు పూతలు పట్టించి, దాని కింద నేల తడి తగలకుండా గ్రానైట్ పట్టీ వేయించండి. గోడకు తగిలే ముఖాలన్నిటికీ తారు పూత వేయాలి.

ముహూర్తానికి గుమ్మం ఎత్తేటప్పుడు హడావిడి ఎక్కువ, తూకం గుండు పట్టే తీరిక తక్కువ. పూజ అయ్యాక, గోడ కట్టడం మొదలుపెట్టే ముందు రెండు పనులు తప్పక చేయించండి. నిలువు కర్రలను రెండు ముఖాల మీదా తూకం గుండుతో చూడాలి. ఒక మూల నుంచి ఎదుటి మూలకు టేపు పట్టి రెండు కర్ణాలూ సమానంగా ఉన్నాయా అని కొలవాలి. కర్ణాలు సమానమయ్యాక చట్రానికి అడ్డంగా, ఏటవాలుగా తాత్కాలిక బద్దలు కొట్టి, గోడ లేచేదాకా తీయొద్దు. ఒక్కో పక్క మూడు హోల్డ్‌ఫాస్ట్‌లు, అంటే చట్రాన్ని గోడకు పట్టి ఉంచే ఇనుప పట్టీలు, పడాలి. క్యూరింగ్ నీళ్లు నెలల తరబడి తగులుతాయి కాబట్టి కనిపించే ముఖాలకు ఒక పూత వార్నిష్ వేసి ప్లాస్టిక్ చుట్టేయండి.

కొలత

రెక్కకు కొలత ప్లాస్టరింగు, ఫ్లోరింగు అయ్యాకే తీయాలి. నక్షాలో ఉన్న అంకెతో రెక్క కోయించడం వల్ల వచ్చే టెన్షన్ అంతా ఇంతా కాదు. వెడల్పు పైన, మధ్యలో, కింద మూడు చోట్ల చూడండి. ఎత్తు రెండు పక్కలా చూడండి. చిన్న కొలతను లెక్కలోకి తీసుకోవాలి. పాత మేస్త్రులు టేపు కంటే ఒక పొడవాటి బద్దను నమ్మేవారు. చట్రంలో పెట్టి నేరుగా దాని మీదే గీతలు పెట్టి, ఆ బద్దను పలక మీద ఉంచి కోతలు పెట్టేవారు. అంకె రాసుకుని మళ్లీ చదివే అవసరమే ఉండదు.

మన ఉదాహరణలో చట్రం లోపలి ఖాళీ 42×78 అంగుళాలు. మెట్లు కలిపితే 43×79. పక్కలకు ఒక్కో నూలు, పైన ఒక నూలు, కింద పావు అంగుళం సందు వదిలితే రెక్క 42¾ అంగుళాల వెడల్పు, 78⅝ అంగుళాల ఎత్తు.

నిలువు పట్టెలు నాలుగున్నర అంగుళాల వెడల్పు పెట్టండి. అడ్డ పట్టెల్లో పైది నాలుగున్నర, తాళం వచ్చే మధ్యది ఆరు, కిందిది ఎనిమిది. కింద పట్టె వెడల్పుగా ఉండటం అందం కోసం కాదు, రెక్క బరువుకు మూలలు వాలకుండా పట్టి ఉంచేది అదే. మధ్యలో నాలుగు అంగుళాల నిలువు పట్టె వస్తుంది. దీంతో నాలుగు పలకలు పడతాయి.

అడ్డ పట్టెలో రెండు పక్కల నిలువు పట్టెల మధ్య కనిపించే భాగం 33¾ అంగుళాలు. కూసాలు అవతలి అంచు దాకా దూసుకుపోవాలి కాబట్టి రెండు వైపులా నాలుగున్నర కలిపి 42¾, తర్వాత చదును చేయడానికి మరో అర అంగుళం. నిలువు పట్టెలను కూడా పైనా కిందా ఒకటిన్నర అంగుళం పొడవుగా కోయండి. బెజ్జం కొట్టేటప్పుడు చివర చీలకుండా ఈ అదనపు ముక్క కాపాడుతుంది. బిగింపు అయ్యాక కోసేస్తారు.

కూసం, బెజ్జం

ముందు ప్రతి పట్టెకు ఒక ముఖం, ఒక అంచు చిత్రిక పట్టి, మూలమట్టంతో సరిచూసి, ఆ రెండిటికీ పెన్సిల్ గుర్తు పెట్టండి. ఇక అన్ని గీతలూ ఆ గుర్తు ముఖం నుంచే. ఒకటి అటు నుంచి, మరొకటి ఇటు నుంచి గీస్తే మందంలో ఉన్న చిన్న తేడాలన్నీ జాయింటు దగ్గర బయటపడతాయి. రెండు నిలువు పట్టెలను పక్కపక్కన బిగించి బెజ్జాల గీతలు ఒకేసారి పెట్టండి. భుజం గీత, అంటే కూసం మొదలయ్యే చోటు, పెన్సిల్‌తో కాకుండా చాకుతో గీయాలి. రంపం, ఉలి ఆ గాటులో కూర్చుంటాయి.

కూసం మందం పట్టె మందంలో మూడో వంతు. ఒకటిన్నర అంగుళానికి అర అంగుళం. మీ దగ్గరున్న అర అంగుళం ఉలి నిజంగా ఎంత వెడల్పు ఉందో చూసి, గీతలు దానికే సరిపెట్టండి.

బెజ్జం ముందు కొట్టాలి, కూసం తర్వాత కోయాలి. కూసాన్ని బెజ్జానికి సరిపోయేలా తగ్గించడం సులువు, బెజ్జాన్ని సరిచేయడం కష్టం. రెండు అంచుల నుంచీ సగం సగం కొట్టి మధ్యలో కలపండి, అప్పుడు అవతల ముఖం చిట్లదు. బరమాతో వరసగా రంధ్రాలు వేసుకుని మిగిలింది ఉలితో తీసినా తప్పులేదు. బయటి అంచు వైపు బెజ్జం రెండు చివర్లనూ సగం నూలు వెడల్పు చేయండి, తర్వాత బిగువు కోసం దించే చీలికలు (మొన సన్నగా ఉండే చెక్క ముక్కలు) పట్టడానికి.

పై పట్టె కూసం పూర్తి వెడల్పు ఉండకూడదు. పై నుంచి ఒకటిన్నర అంగుళం తగ్గించి, ఆ చోట పలకల కోసం తీసే గాడి లోతంత పొట్టి పళ్లు మాత్రం వదలాలి. లేకపోతే బెజ్జం పైకి తెరుచుకుని పట్టె చివర విడిపోతుంది. ఎనిమిది అంగుళాల కింద పట్టెకు ఒకే పెద్ద కూసం వేయకండి. రెండున్నర అంగుళాలవి రెండు చేసి మధ్యలో ఖాళీ వదలండి. అంత పొడవు బెజ్జం నిలువు పట్టెను బలహీనపరుస్తుంది, వెడల్పు కూసం ఎండాకాలంలో ముడుచుకుని వదులవుతుంది.

బిగువు ఎంత ఉండాలి? చేత్తో నొక్కితే సగం దిగాలి, మిగతా సగం చెక్క సుత్తితో మెల్లగా కొడితే దిగాలి. సుత్తి గట్టిగా వాడాల్సి వస్తే పట్టె చీలుతుంది. దానంతట అదే జారిపోతే జిగురు కాపాడదు.

పలకలు

రెక్క చట్రం పట్టెల లోపలి అంచుల్లో అర అంగుళం వెడల్పు, అర అంగుళం లోతు గాడి తీయండి. పలకల అంచులు గాడిలో మూడు నూళ్లే దిగాలి, ఒక నూలు ఖాళీగా మిగలాలి. అందుకే 14⅞ అంగుళాల ఖాళీకి పలక వెడల్పు 15⅝. ఎండాకాలం నడిమధ్య పలక కోస్తుంటే ఈ ఖాళీ ఇంకాస్త పెంచండి, ఎందుకంటే వానల్లో అది ఉబ్బుతుందే తప్ప ముడుచుకోదు.

పలక అంచులకు జిగురు ఎప్పుడూ పూయకండి, మేకు కొట్టకండి. 'కదిలి చప్పుడవుతుంది' అని మేస్త్రి అంచుల్లో పిన్ను కొడతానంటే ఒప్పుకోవద్దు. చప్పుడు భయం ఉంటే పైనా కిందా నడిమధ్య ఒక్క చుక్క జిగురు చాలు, పలక రెండు పక్కలకూ సమానంగా కదులుతుంది. పలకలకు పాలిష్ బిగింపుకు ముందే వేయాలి. తర్వాత వేస్తే పలక ముడుచుకున్నప్పుడు అంచున పాలిష్ లేని తెల్ల గీత బయటపడుతుంది. సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే యంత్రం) చెక్కడం కావాలనుకునేవాళ్లు అంగుళం మందం పలక తీసుకోండి, చెక్కిన గుంటల అడుగున కనీసం అర అంగుళం మిగలాలి.

బిగింపు

జిగురు లేకుండా మొత్తం ఒకసారి కూర్చండి. కర్ణాలు కొలవండి. రెక్క పైనా కిందా రెండు నిటారు బద్దలు అడ్డంగా పెట్టి, ఒక చివర నుంచి కంటితో చూస్తే రెండు బద్దల అంచులు ఒకే వరసలో ఉండాలి. లేకపోతే రెక్క మెలితిరిగినట్టు. ఏ భుజం ఎత్తుగా ఉందో వెతికి ఉలితో దాన్ని సరిచేయడం ఇప్పుడే కుదురుతుంది.

జిగురు వాన తట్టుకునే రకం వాడండి, ఉదాహరణకు ఫెవికాల్ మెరైన్. బెజ్జం గోడలకూ కూసం పక్క ముఖాలకూ పూసి, క్లాంపులు వేసి, కూసం పైనా కిందా చీలికలు జిగురుతో దించండి. చీలిక ఒత్తిడి నిలువు పట్టె పొడవు దిశలో పడాలి. పక్కలకు పడితే పట్టె పగులుతుంది.

పెద్ద క్లాంపులు లేనివాళ్లకు పాతకాలపు వెదురు చీల ఉంది, నాకు ఎక్కువ ఇష్టమైన పద్ధతి కూడా ఇదే. ముందు నిలువు పట్టెలో బెజ్జానికి అడ్డంగా రంధ్రం వేయండి. కూసం దించి, ఆ రంధ్రం గుండా బరమా మొనతో కూసం మీద గుర్తు పెట్టండి. కూసం బయటికి తీసి, గుర్తుకు సగం నూలు భుజం వైపు జరిపి రంధ్రం వేయండి. మళ్లీ దించి, మొన సన్నగా చెక్కిన ఎండు వెదురు చీలను కొడితే, రెండు రంధ్రాలూ ఒకే వరసలోకి వచ్చే ప్రయత్నంలో కూసం లోపలికి లాక్కుంటుంది. భుజం సందు కళ్ల ముందే మూసుకుపోతుంది. జిగురు ఎప్పుడో ఒకనాడు వదిలినా ఈ జాయింటు వదలదు.

వేలాడదీయడం

ఈ రెక్క నలభై కిలోల పైమాటే ఉంటుంది. అయిదు అంగుళాల బందులు (కీళ్లు) నాలుగు వేయండి, అందులో రెండు పై మూడో వంతులోనే ఉండాలి, లాగుడంతా అక్కడే. బందు మందం మేరకే చెక్కాలి. లోతు ఎక్కువైతే తలుపు మూసినప్పుడు వెనక్కి తంతుంది. ఇత్తడి మరలు టేకులో తల విరుగుతాయి కాబట్టి ముందు రంధ్రం వేసి, అదే కొలత ఇనుప మరను ఒకసారి బిగించి తీసి, ఆ మరచుట్టులో ఇత్తడిది సబ్బు రాసి బిగించండి.

పాలిష్ విషయంలో ఎండ, వాన తగిలే బయటి వైపుకు బయటి వాడకానికి తయారైన పీయూ (పాలియురెథేన్) పాలిష్ మంచిది. లక్క పాలిష్ లోపలి తలుపులకే. అన్నిటికన్నా ముఖ్యం, రెక్క పై అంచు, కింది అంచు. ఎవరికీ కనిపించవని అందరూ వదిలేసేది వీటినే, తేమ ఎక్కువగా లాగేదీ వీటి నుంచే. రెక్కను బందుల నుంచి దించి, తలకిందులుగా పెట్టి మరీ వేయించండి.

వాకిలి గేటు చేయిస్తుంటే

మిగిలిన కర్రతో వాకిలి గేటు కూడా చేయించాలనుకుంటే పై కూసం పనే చట్రానికి సరిపోతుంది. కొత్తగా కావాల్సింది ఏటవాలు పట్టె ఒక్కటే. అది బందులున్న పక్క కింది మూలలో మొదలై, గొళ్ళెం ఉన్న పక్క పై మూలకు చేరాలి. అప్పుడు గేటు బరువు పట్టె గుండా కింది బందులోకి దిగుతుంది. తిరగేసి వేస్తే కొన్నాళ్లకు గేటు ముక్కు నేలకు వాలుతుంది. చెక్కల మధ్య రెండు నూళ్ల సందు వదలండి, పై అంచులు ఏటవాలుగా కోయిస్తే నీరు నిలవదు. గుంజలకు సరుగుడు, జామాయిల్ వాడితే నేలలోకి దిగే భాగం తొందరగా పుచ్చుతుంది. సిమెంటు దిమ్మలో ఇనుప పట్టీ నాటి, గుంజను నేలకు రెండు అంగుళాల పైన బిగించడం మంచిది.

మొదటి ఏడాది

శ్రావణంలో తలుపు కాస్త బిగిస్తే వెంటనే చిత్రిక పట్టించకండి. ముందు బందుల మరలు వదులయ్యాయేమో చూడండి, ఎక్కువసార్లు అక్కడే తేలిపోతుంది. తర్వాత అంచుకు ఎక్కడ రాసుకుంటోందో సుద్దముక్కతో గుర్తు పెట్టి సంక్రాంతి దాకా ఆగండి. అప్పటికీ రాసుకుంటుంటే ఆ గుర్తు మేరకు మాత్రం సన్నగా తీయించి, తీసిన చోట అదే రోజు పాలిష్ పూయించండి. వానల్లోనే తీయిస్తే వేసవిలో ఆ పక్క సందులోంచి వీధి కనిపిస్తుంది.